మా షాపు బోర్డుతో ఊరికేం పని?

ప్రశ్న: మేం అమెరికా తూర్పు తీరంలో ఒక పాత ఊళ్ళో ఉంటున్నాం. ఊరి పేరు వేయకండి. పోయినేడాది మెయిన్ స్ట్రీట్‌లో నూటపాతికేళ్ళనాటి రెండంతస్తుల ఇటుక బిల్డింగ్ కొన్నాం. "నేషనల్ రిజిస్టర్‌లో ఉన్న వీధి, మీకే గౌరవం" అన్నాడు ఏజెంట్. పైన మా ఇల్లు, కింద టిఫిన్ సెంటర్. 'అమ్మమ్మ టిఫిన్స్' అని తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయించి, లోపల లైట్లు వెలిగే ప్లాస్టిక్ సైన్‌బోర్డు పెట్టించాం. పైఅంతస్తులో ఆరు చెక్క కిటికీలుంటే, పైకెత్తితే నిలబడటం లేదని, చలిగాలి వస్తోందని నాలుగు తీయించి ప్లాస్టిక్ రకం వినైల్‌వి వేయించాం. పర్మిట్ అక్కర్లేదని కాంట్రాక్టర్ అన్నాడు. షాపు తెరిచి మూడు వారాలు కాలేదు, టౌన్ నుంచి నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా, పాతదనం కాపాడాలని ఊరు గీసుకున్న హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో మార్పులు చేశారు, పనులు ఆపండి, వచ్చే నెల రివ్యూ బోర్డు ముందుకు రండి అని. మావారు మండిపడుతున్నారు. "మన డబ్బు, మన బిల్డింగ్. ఎదురుగా డైనర్‌కి అంతెత్తు నియాన్ బోర్డు ఉంటే ఎవరూ అడగరు. మన తెలుగక్షరాలే వాళ్ళ కళ్ళలో పడ్డాయా?" అంటారు. లాయర్‌ని పెడదామని ఒకరోజు, మేయర్‌కి తెలిసినాయన చేత చెప్పిద్దామని ఒకరోజు. ఇటుక గోడకి తెల్లరంగు వేయిద్దామనుకున్నాం, అదీ ఆగింది. ఇద్దరు చిన్నపిల్లలు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. పోట్లాడాలా, తల వంచాలా?

సమాధానం: తల వంచక్కర్లేదు. అలాగని లాయర్‌కి ఇప్పుడే అడ్వాన్సు కట్టక్కర్లేదు. మీరు జతచేసిన నోటీసు రెండుసార్లు చదివాను. అందులో తెలుగు ఊసు ఎక్కడా లేదు. లోపల దీపాలున్న ప్లాస్టిక్ డబ్బా, నాలుగు కిటికీలు, ఈ రెండే రాశారు. చెప్పడానికి కష్టంగానే ఉంది గానీ, ఆ రెండింట్లోనూ న్యాయం ముప్పాతిక వంతు వాళ్ళవైపే ఉంది. నోటీసులో లేని తెలుగక్షరాల విషయంలో మొత్తం మీవైపే ఉంది. రెండూ కలిపేసి "మా మీద పగబట్టారు" అంటూ హాలులోకి వెళ్తే, చేతిలో ఉన్న గెలుపు కూడా జారిపోతుంది.

ముందొక చిక్కు విప్పుకుందాం. మన వాడుకలో షాపు మీద ఉండేదీ బోర్డే, నోటీసు పంపిందీ బోర్డే. మీదాన్ని సైన్‌బోర్డు అనీ, వాళ్ళని రివ్యూ బోర్డు అనీ అంటాను. నేను ముప్పై ఏళ్ళు ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో డ్రాయింగులు గీసినదాన్ని. ఇలాంటి రివ్యూ బోర్డుల ముందు కూర్చున్న సాయంత్రాలకు లెక్కలేదు. ఓసారి పక్క బిల్డింగ్ ఎత్తు గీయడం మర్చిపోతే నా క్లయింట్ పని నెల్లాళ్ళు వెనక్కి పోయింది. తప్పు పూర్తిగా నాదే. ఆ నెలంతా ఆయన నాతో మాట్లాడలేదు.

మీ ఏజెంట్ చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. నేషనల్ రిజిస్టర్ అనేది 1966 చట్టంతో వచ్చిన, చారిత్రక కట్టడాల జాతీయ జాబితా. మీ సొంత డబ్బుతో, ఫెడరల్ నిధులూ ఫెడరల్ లైసెన్సులూ ఏవీ లేకుండా పని చేసుకుంటే ఆ జాబితా మిమ్మల్ని ఏ మార్పూ ఆపదు. దాని వల్ల గౌరవమే. మిమ్మల్ని పట్టుకుంది మాత్రం మీ ఊరు సొంతంగా చేసుకున్న ఆర్డినెన్స్, అంటే స్థానిక చట్టం. దాని కింద ఊరికి వేరే జాబితా ఉంటుంది. ఒకే వీధి రెండు జాబితాల్లోనూ ఉండొచ్చు, మీది అలాంటిదే. ఆ ఆర్డినెన్స్ ప్రకారం వీధిలోంచి కనబడే మార్పు ఏది చేయాలన్నా ముందు 'సర్టిఫికెట్ ఆఫ్ అప్రోప్రియేట్‌నెస్' తీసుకోవాలి. పేరు పెద్దదే గానీ, అర్థం ఇంతే. ఈ మార్పు ఈ బిల్డింగ్‌కీ ఈ వీధికీ నప్పుతుంది అని ఊరు ఇచ్చే కాగితం. బిల్డింగ్ పర్మిట్ వేరు, ఇది వేరు. మీ కాంట్రాక్టర్ ఆ పర్మిట్ గురించి చెప్పి, దీని గురించి తెలియకో తెలిసో ఊరుకున్నాడు. అతను "అక్కర్లేదు" అని మెసేజ్ పెట్టి ఉంటే చెరిపేయకండి. ఖర్చు ఎవరు భరించాలన్న మాట వచ్చినప్పుడు అది పనికొస్తుంది.

"మన బిల్డింగ్, వాళ్ళకేం హక్కు" అన్న మీవారి ప్రశ్న చాలా పాతది. అమెరికాలో మొదట ఇలాంటి ఆర్డినెన్స్ చేసింది సౌత్ కరొలైనాలోని చార్ల్‌స్టన్, 1931లో. కార్లొచ్చాక పాత ఇళ్ళు పడగొట్టి పెట్రోలు బంకులు కడుతుంటే ఊరివాళ్ళకి గుండె ఝల్లుమంది. తర్వాత న్యూ ఆర్లియన్స్. అక్కడ ఫ్రెంచ్ క్వార్టర్‌ని కాపాడటానికి 1936లో రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించారు. మీకు కావాల్సిన కథ అక్కడే ఉంది. ఆ పాత పేటలో ఒక పెట్రోలు బంకు అనుమతి లేకుండా పెద్ద ప్రకటన సైన్‌బోర్డు నిలబెట్టింది. కోర్టుకెళ్తే బంకు వైపు వాదన ఏమిటంటే, మాది కొత్త కట్టడం, పాత కట్టడాల కోసం చేసిన రూలు మాకెందుకు అని. తెలివైన వాదనే. లూసియానా సుప్రీంకోర్టు 1941లో ఒప్పుకోలేదు. కాపాడుతున్నది ఒక్కో బిల్డింగ్‌ని విడిగా కాదు, అన్నీ కలిసి కనబడే పేట మొత్తాన్ని అంది. పర్గమెంట్ కేసు అంటారు దాన్ని. ఇక న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నెత్తిన ఆకాశహర్మ్యం కడతామన్న కంపెనీకి అనుమతి ఇవ్వకపోతే, ఆ గొడవ దేశ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1978లో ఊరే గెలిచింది. కాబట్టి హక్కు ఉందా లేదా అని వాదించడానికి గంటకి ఇంతని లాయర్‌కి పోస్తే, ఎనభై ఏళ్ళుగా నలిగిన ప్రశ్నకి పాత జవాబే కొనుక్కొస్తారు.

నాకు మాత్రం ఈ రూళ్ళ విలువ కోర్టు తీర్పుల వల్ల తెలియలేదు, హైదరాబాద్‌లో తెలిసింది. వెళ్ళినప్పుడల్లా పత్తర్‌గట్టీ దాకా నడుస్తాను. 1908 మూసీ వరద తర్వాత, 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హయాంలో లేచిన రాతి కమానుల వరస అది. ఇప్పుడు తలెత్తి చూస్తే ముందు ఫ్లెక్సీలు, ఏసీ డబ్బాలు, వైర్లు. వాటి సందుల్లో కమాను ఎక్కడుందో వెతుక్కోవాలి. పక్కవాడిది మూడడుగులైతే మనది నాలుగు, వాడు ఐదు చేస్తే మనం ఆరు. చివరికి ఏ దుకాణం పేరూ చదవలేం. కొనేవాళ్ళు పేరు చూసి వెళ్ళరు, ముత్యాల షాపు పక్క సందు అని గుర్తు పెట్టుకుని వెళ్తారు. మీ వీధిలో మీ సైన్‌బోర్డు చిన్నదైనా కనబడుతుందంటే, పక్కవాడిదీ చిన్నదే కాబట్టి.

డైనర్ నియాన్ సంగతి. అది రూలు రాకముందు నుంచీ ఉన్నదై ఉండాలి. రూలు వచ్చేనాటికే ఉన్నవాటిని ఉండనివ్వడం మామూలే. పైగా పాత నియాన్ బోర్డులకే ఇప్పుడు వారసత్వం విలువ వచ్చేసింది. పాత సైన్‌బోర్డుల్ని ఎలా కాపాడుకోవాలో నేషనల్ పార్క్ సర్వీస్ అనే ఫెడరల్ సంస్థ ప్రత్యేకంగా ఒక సూచనల పత్రమే వేసింది. రివ్యూ బోర్డు విచారణలో, అంటే హియరింగ్‌లో, "వాళ్ళకి లేదా మరి" అనకండి. అందరూ ఆ డైనర్‌లో పాన్‌కేకులు తిని పెరిగినవాళ్ళే.

అలాగని మీవారి అనుమానాన్ని కొట్టిపారేయను. 'ఊరి స్వభావం' అన్న మాట చాటున ఏమేమి దాక్కుంటాయో నేను చెవులారా విన్నాను. డిజైన్ గురించి మొదలుపెట్టి "ఇలాంటి వాసనలొచ్చే వ్యాపారం మన వీధికి..." అని సాగదీసినవాళ్ళున్నారు. అందుకే చెబుతున్నాను, రివ్యూ బోర్డు పాత మినిట్స్, అంటే సమావేశాల్లో ఏం జరిగిందో రాసిపెట్టినవి, అన్నీ బహిరంగ పత్రాలే. టౌన్ హాల్లో అడిగితే ఇస్తారు, చాలా ఊళ్ళు ఆన్‌లైన్‌లోనే పెడతాయి. గత ఐదేళ్ళలో లోపల దీపాలున్న డబ్బాలకి ఎవరికైనా ఒప్పుకున్నారా? వినైల్ కిటికీలకి? ఒప్పుకుని ఉంటే ఆ తేదీలు రాసుకుని తీసుకెళ్ళండి. అందరికీ కాదనే ఉంటే, మీకూ కాదనడంలో పక్షపాతం లేదని మీవారికి మీరే చూపించొచ్చు.

ఇక అక్షరాల దగ్గరికి వద్దాం. ఎవరైనా, బోర్డు సభ్యులైనా, మైకు దగ్గరికొచ్చిన పొరుగువారైనా, "ఈ లిపి మా ఊరికి నప్పదు" అంటే అక్కడ ఒక్క అంగుళం కూడా తగ్గకండి. 1980ల్లో కాలిఫోర్నియాలోని పొమోనా నగరం ఒక రూలు పెట్టింది. ఇంగ్లిష్ కాని లిపి వాడే సైన్‌బోర్డులో కనీసం సగం జాగా ఇంగ్లిష్ అక్షరాలకి ఇవ్వాలని. ఆసియా దేశాల నుంచి వచ్చిన వ్యాపారులు కలిసి కోర్టుకెళ్ళారు. 1989లో ఫెడరల్ కోర్టు ఆ రూలు చెల్లదంది. భాష ఎంచుకోవడం కూడా వాక్‌స్వాతంత్ర్యమే అని. ఆ తర్వాత 2015లో అరిజోనాలోని గిల్బర్ట్ అనే ఊరి మీద ఒక చిన్న చర్చి వేసిన కేసులో దేశ సుప్రీంకోర్టు ఇంకో గీత గీసింది. సైన్‌బోర్డు మీద ఏం రాశారన్నదాన్ని బట్టి రూలు మారితే అలాంటి రూలు నిలవడం చాలా కష్టం. ఎంత పెద్దది, ఎక్కడ, దేంతో చేశారు, దీపం ఎటు నుంచి అన్నవి మాత్రం ఊరు చూసుకోవచ్చు. మీ ఊరి ప్లానర్‌కి, అంటే టౌన్ ఆఫీసులో ఈ అనుమతుల పని చూసే ఉద్యోగికి, ఇవన్నీ తెలుసు. అందుకే నోటీసులో భాష ఊసు లేదు.

సైన్‌బోర్డులో మీరు వదులుకోవాల్సింది ప్లాస్టిక్ డబ్బా ఒక్కటే, పేరు కాదు. మీరు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. కింద షాపు అద్దాలు, పైన ఇంటి కిటికీలు, మధ్యలో ఓ అడుగున్నర వెడల్పున సాదా చెక్క పట్టీ, దానిపైన చూరులాగా ముందుకొచ్చిన అచ్చు పని. ఆ సాదా పట్టీ నూటపాతికేళ్ళ క్రితం కట్టినవాడు దుకాణం పేరు రాసుకోవడానికే వదిలిన జాగా. మీ డబ్బా ఆ పట్టీనీ, పైన అచ్చు పనినీ, ఒక కిటికీ గడపనీ కలిపి మూసేసింది. చెక్కతోనో లోహంతోనో చేసిన పలక, అచ్చంగా ఆ పట్టీలో ఇమిడేలా, పైనుంచి హంసమెడలా వంగిన చిన్న దీపాలు రెండో మూడో. దీన్ని చాలా ఊళ్ళలో రివ్యూ బోర్డు దాకా వెళ్ళకుండా స్టాఫే సంతకం పెట్టి పంపేస్తారు.

కానీ తెలుగుకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, అది వాళ్ళకి తట్టదు. మీ ఊరి గైడ్‌లైన్స్‌లో అక్షరం ఎత్తు ఇన్ని అంగుళాలు మించకూడదని ఉంటుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఒకే గీత మీద నిలబడతాయి, కొలవడం తేలిక. మన 'అమ్మమ్మ'లో మవత్తులు రెండు కిందికి దిగుతాయి, 'టిఫిన్స్'లో పైన గుళ్ళూ పొల్లూ, కింద సవత్తు. వత్తు అడుగు నుంచి గుడి నెత్తి దాకా పన్నెండు అంగుళాలని కొలిస్తే అసలు అక్షరానికి మిగిలేది ఆరేడు అంగుళాలే. ఎదుటి పేవ్‌మెంట్ మీద నుంచి చూస్తే చీమల బారు. అందుకని డ్రాయింగ్‌లో రెండు గీతలు గీయించి, 'అక్షరం ఎత్తు' ఇది, 'వత్తులతో కలిపి మొత్తం' ఇది అని విడిగా చూపించండి. మొదటి కొలతనే లెక్కలోకి తీసుకోమని ప్లానర్‌ని ముందే అడగండి. వివరిస్తే కాదనే మనిషిని నేనింతవరకు చూడలేదు. ఎవరూ వివరించరు, అంతే.

ఇంకో మాట, సైన్‌బోర్డు చేసేవాడికి తెలుగు రాదు. అతని కంప్యూటర్‌లో మీరు టైప్ చేసి పంపింది తెరిస్తే వత్తులు విడిపోయి 'అమ్‌మమ్‌మ' అయి కూర్చుంటుంది. అతనికి తేడా తెలియదు, అలాగే చెక్కేస్తాడు. ఫాంటుని అవుట్‌లైన్‌గా మార్చిన పీడీఎఫ్ పంపండి, చెక్కే ముందు కాగితం మీద అసలు సైజులో ప్రింటు తెప్పించుకుని మీరే చూడండి. బిగించేటప్పుడు మేకులైనా స్క్రూలైనా ఇటుకలో కాదు, ఇటుకల మధ్య గారలో దించమనండి. రేపు సైన్‌బోర్డు మారిస్తే గార పూడ్చుకోవచ్చు. ఇటుకకి పడిన చిల్లు అలాగే ఉండిపోతుంది.

కిటికీల దగ్గర మీకు ఎక్కువ నొప్పి ఉంటుందని తెలుసు, డబ్బంతా అక్కడే పోయింది. ఈ రివ్యూ బోర్డులు చాలావరకు ఆధారపడేది ఫెడరల్ ఇంటీరియర్ శాఖ రాసిన పది సూత్రాల మీద. ఆరోది సూటిగా ఉంటుంది. పాడైనదాన్ని ముందు బాగుచేయాలి. బాగుపడనంతగా పాడైతేనే మార్చాలి, మార్చినా ఆకారం, రంగు, వీలైతే పదార్థం పాతదానికి సరిపోవాలి. మీరు ఎందుకు తీయించారో రాశారు. "పైకెత్తితే నిలబడటం లేదు, చలిగాలి వస్తోంది" అని. అమ్మా, పైకెత్తితే నిలబడకపోవడం కిటికీ పోయిందని కాదు, తాడు తెగిందని. ఆ పాత కిటికీ చట్రం పక్కన గోడలో సన్నటి గూడుంటుంది. అందులో పోత ఇనుప గుండు వేలాడుతుంటుంది, మన బావి గిలకకి చేద కట్టినట్టు. రెక్క పైకెత్తితే గుండు కిందికి దిగి బరువు తూస్తుంది. తాడు తెగితే గుండు గూట్లో పడిపోతుంది, రెక్క ధబాలున జారుతుంది. తాడు మార్చడం ఒక పూట పని. చలిగాలికి అంచుల్లో పట్టీలు, బయట అదనంగా స్టార్మ్ విండో. ఆ చెక్క ఇప్పుడు దొరికే రకం కాదు, పాత అడవుల్లో నిదానంగా పెరిగిన చెట్టుది, పోగు దగ్గరగా ఉంటుంది. అడుగు కమ్మీ కుళ్ళితే ఆ ముక్క కోసి కొత్త ముక్క అతకొచ్చు. వినైల్ కిటికీలో రెండద్దాల మధ్య సీలు పోయి మసకబారితే అతకడం ఉండదు, మళ్ళీ కొనడమే.

పిల్లలున్నారన్నారు కాబట్టి హియరింగ్‌తో సంబంధం లేకుండా ఇది చదవండి. ఇళ్ళలో సీసం కలిపిన రంగుల్ని అమెరికా 1978లో నిషేధించింది. అంతకుముందు కట్టిన ఇంట్లో పాత కిటికీలు పెకలిస్తే ఆ రంగు పొడి రాలుతుంది. అలాంటి ఇళ్ళలో కిటికీలు మార్చే కాంట్రాక్టర్‌కి ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ రక్షణ సంస్థ) సర్టిఫికెట్ ఉండాలి, ప్లాస్టిక్ షీట్లు కట్టి చేయాలి. మీ కాంట్రాక్టర్ కట్టాడా? లేకపోతే కిటికీ గడపలూ నేలా తడిగుడ్డతో తుడవండి, చీపురు వద్దు, పొడి లేస్తుంది. పిల్లల డాక్టర్‌కి చెప్పి రక్తపరీక్ష చేయించండి. మిగిలిన రెండు కిటికీల జోలికి అతన్ని రానివ్వకండి.

ఇటుకకి తెల్లరంగు ఆలోచన మానేయండి. ఆగిపోవడమే మంచిదయింది. ఆ కాలపు ఇటుక మెత్తటిది, పేర్చింది సున్నపు గారతో. మనవైపు గానుగ సున్నంతో కట్టిన పాత ఇళ్ళలాగే ఆ గోడ చెమ్మ పీల్చి మళ్ళీ వదులుతుంటుంది. మా తాతగారి ఇంటి గోడకి మా బాబాయి గట్టిగా ఉంటుందని సిమెంటు పూత పూయించాడు. రెండు వర్షాకాలాలకి పూత వెనక ఇటుక పిండయి రాలింది. మీ దగ్గర మంచు కూడా కురుస్తుంది. రంగు వెనక చిక్కిన నీరు గడ్డకట్టి ఇటుక పైపొరని ఊడగొడుతుంది. అప్పటికే రంగు వేసి ఉన్న గోడకి మళ్ళీ రంగు వేయడం వేరు, అది సాధారణంగా ఒప్పుకుంటారు. ఎన్నడూ రంగు చూడని ఇటుకకి వేయడానికి దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. గోడ మురికిగా ఉందనిపిస్తే నీళ్ళూ, మెత్తటి బ్రష్షూ, తేలికపాటి సబ్బూ చాలు. ఇసుకతో కొట్టి శుభ్రం చేస్తామని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపేయండి. వంటగది పొగ గొట్టం ఎలాగూ వెనక సందులోనే పెట్టారు కాబట్టి దాని గొడవ లేదు.

మేయర్‌కి తెలిసినాయన గురించి. మన అలవాటు నాకు తెలుసు, ఏ ఆఫీసుకెళ్ళినా "అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా" అనే మొదట అడుగుతాం. ఇక్కడ అది ఎదురు తన్నుతుంది. రివ్యూ బోర్డు సభ్యులు ఊళ్ళోవాళ్ళే, ఎక్కువమంది జీతం లేకుండా చేసేవాళ్ళు. కానీ మీ అర్జీ తేల్చేటప్పుడు వాళ్ళు దాదాపు జడ్జిల్లాంటివాళ్ళు. విడిగా కలిసి ఒప్పించబోతే, ఆ సభ్యుడు ఆ సంగతి హాల్లో బయటపెట్టాల్సి రావచ్చు, తప్పుకోవాల్సి కూడా రావచ్చు. మీకు ఓటేసేవాడే పోతాడు. మర్యాదకి ఇడ్లీ పొట్లాలు పంపినా సరే, తప్పుగానే కనబడుతుంది. ఎంతసేపైనా మాట్లాడదగ్గ మనిషి టౌన్‌లో ఆ పని చూసే ప్లానర్. ఆయన్నో ఆమెనో సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి, తెలియక చేశాం, సరిదిద్దుకోవాలనుకుంటున్నాం, హియరింగ్‌కి ముందు ఒకసారి కూర్చోవచ్చా అని అడగండి. హియరింగ్‌కి కొన్ని రోజుల ముందు స్టాఫ్ రిపోర్టు వస్తుంది. సభ్యులు చదివేది అదే. అందులో 'యజమానులు సహకరిస్తున్నారు' అన్న ఒక్క వాక్యం పడితే ఆ రాత్రి సగం గడిచినట్టే.

ప్లానర్ దగ్గరికి వెళ్ళేముందు ఊరి లైబ్రరీకో చరిత్ర సంఘానికో వెళ్ళి మీ బిల్డింగ్ పాత ఫోటో ఉందేమో చూడండి. శాన్‌బోర్న్ కంపెనీ అగ్నిప్రమాద బీమా కోసం గీసిన పాత మ్యాపులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఊరి పేరు కొడితే వీధి వీధీ వస్తుంది, మీ బిల్డింగ్‌లో అప్పుడు ఏ దుకాణం ఉండేదో కూడా తెలియొచ్చు. పాత ఫోటోలో గోడ నుంచి అడ్డంగా బయటికి వేలాడే సైన్‌బోర్డు కనబడిందా, మీ అదృష్టం పండినట్టే. "మా బిల్డింగ్‌కి అప్పట్లోనూ ఉండేది" అని చూపించి అలాంటిదే అడగొచ్చు. నడిచివచ్చేవాళ్ళకి దూరం నుంచి కనబడేది అదే. నేను గీసిన వాటిలో నాకు బాగా ఇష్టమైన సైన్‌బోర్డు అలా ఒక పాత ఫోటోలోంచే వచ్చింది.

డబ్బు గురించి అడగలేదు గానీ అడగాల్సింది. ఫెడరల్ ప్రభుత్వం చారిత్రక వ్యాపార భవనాల మరమ్మతుకి 20 శాతం టాక్స్ క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులో తగ్గింపు, ఇస్తుంది. కానీ మరమ్మతు ఖర్చు బిల్డింగ్ ఖరీదుని, స్థలం విలువ తీసేశాక, మించాలి. పైఅంతస్తులో మీరే ఉంటున్నారు కాబట్టి ఆ భాగం లెక్కలోకి రాదు. మీకిది కుదరకపోవచ్చు. మీ రాష్ట్రానికి సొంత క్రెడిట్ ఉందేమో, డౌన్‌టౌన్ కోసం పనిచేసే మెయిన్ స్ట్రీట్ సంస్థ దగ్గర షాపు ముఖద్వారాల బాగుకి చిన్న గ్రాంట్లున్నాయేమో ప్లానర్‌నే అడగండి. సైన్‌బోర్డుకీ కిటికీ మరమ్మతుకీ అలాంటి గ్రాంటు సరిపోయిన సందర్భాలున్నాయి. పని మొదలుపెట్టాక అడిగితే చాలాచోట్ల ఇవ్వరు, ముందే అడగాలి.

హియరింగ్ రాత్రి మీవారు కాకుండా మీరు మాట్లాడండి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి, కోపం వస్తే నీళ్ళు తాగమనండి. సైన్‌బోర్డు కొత్త డ్రాయింగ్, వీధి మొత్తం కనబడేలా ఒక ఫోటో, పలక చెక్క ముక్క, రంగు శాంపిల్ తీసుకెళ్ళండి. చేత్తో పట్టుకుని చూసే వస్తువుంటే సభ్యుల ప్రశ్నలు మారిపోతాయి. కిటికీలకి గడువు అడగండి. నాలుగూ ఒకేసారి మార్చే స్తోమత లేదని, వీధి వైపున్న రెండూ ముందు, మిగతావి ఏడాదిలో అని నిజాయితీగా చెప్పండి. చర్చ అడ్డం తిరుగుతోందనిపిస్తే ఓటింగ్ దాకా పోనివ్వకుండా "డిఫర్ చేయమని కోరుతున్నాం" అనండి. వాయిదా పడితే మార్చుకుని మళ్ళీ రావచ్చు. తిరస్కరిస్తే చాలా ఊళ్ళలో అదే అర్జీతో కొన్ని నెలలు, ఒక్కోచోట ఏడాది దాకా మళ్ళీ వెళ్ళలేరు. అప్పీలుకి ఇచ్చే రోజులు కూడా తక్కువ, కొన్ని ఊళ్ళలో రెండు వారాలే. ఎవరైనా తెలుగు లిపి మీద అభ్యంతరం పెట్టి, దాని మీదే తిరస్కరిస్తే అప్పుడు లాయర్‌ని పెట్టండి. ఆ ఫీజు దండగ కాదు.

చివరిగా మీ ఫోటోలో ఓ మూల కనబడింది అడుగుతాను. వెనక పెరట్లో నీలం టార్పాలిన్ కింద గోడకి ఆనించి ఉన్నవి ఆ పాత కిటికీ రెక్కలేనా? అవే అయితే ఆ నాలుగు కిటికీలకీ కొత్త చెక్కవి కొనక్కర్లేకపోవచ్చు. వాటిలో అలలు తిరిగిన పాత అద్దాలు కూడా పగలకుండా ఉన్నట్టున్నాయి. కాంట్రాక్టర్ చెత్తబండికి వేసేలోపు, వాన పడేలోపు, చేతికి గ్లవ్స్ వేసుకుని ప్లాస్టిక్ షీటులో చుట్టి పిల్లలకి అందని చోట లోపల పెట్టించండి.